అరువు నిప్పు

ఆస్పత్రివాళ్ళు కొర్లమ్మ గొంతుపెట్టెను కోసి తీసేశాక కూడా గుల్లపేటలో ఆమె తిట్లు ఆగలేదు. మెడకు చుట్టుకున్న నల్లటి పట్టీలోంచి వచ్చేవి. మొదట్లో పేట పిల్లలు మూగి చూశారు. "కొర్లమ్మత్త మెడకి రేడియో కట్టీసినారు" అనుకున్నారు. ఆ రేడియో వాళ్ళ తాతముత్తాతల పేర్లన్నీ ఏకరువు పెట్టేసరికి, అది రేడియో కాదనీ అచ్చంగా కొర్లమ్మేననీ ఒప్పుకుని ఎవరి ఆటలు వాళ్ళు ఆడుకున్నారు.

పట్టీ లోపలివైపు చర్మానికి అంటుకునే బిళ్ళలుంటాయి. మాట్లాడాలని నాలుకా దవడా కదిలితే చాలు, శబ్దం లేకపోయినా కండ ఎలా మెదిలిందో బిళ్ళలు పసిగడతాయి. ఏ మెదలికకు ఏ మాటో పోల్చుకుని పట్టీ బయటికి పలుకుతుంది. దాన్ని తయారుచేసింది విశాఖపట్నంలోని స్వరనాడి అనే కంపెనీ. కొర్లమ్మ కూతురు దానేశ్వరి అక్కడే ఇంజినీరు. పట్టీలో నడిచే ప్రోగ్రాము ముక్కలన్నీ ఒకదానికొకటి అతికి నిలబడేట్టు కూర్చడం ఆమె పని.

కొర్లమ్మకి తిట్లు సరదా. కేక మాత్రం బతుకు.

గుల్లపేటకు జెట్టీ లేదు. బోట్లు నేరుగా ఇసకమీదికే రావాలి. ఒడ్డుకు కాస్త దూరంలో కెరటాలు విరుచుకుపడేచోటు ఒకటుంది, దాన్ని విరుపు అంటారు. వేట ముగించుకొచ్చిన బోటు దానికి అవతలే ఆగి కాచుకుంటుంది. పెద్ద కెరటాలు మందలా వస్తాయి. మంద దాటాక కాసేపు సందు దొరుకుతుంది. బోటులో ఉన్నవాడికి కనపడేవి కెరటాల వీపులు. ఒడ్డున దిబ్బమీద నిలబడ్డవాళ్ళకు వాటి ముఖాలు కనపడతాయి. అందుకని దిబ్బమీద ఒకరు నిలబడి కేకెయ్యాలి. ఆ పని కొర్లమ్మ అత్త చేసేది, ఆమె తర్వాత కొర్లమ్మ చేస్తోంది. ఉన్నవి రెండే కేకలు. "ఆగండ్రోయ్!" అంటే ఉన్నచోటే ఉండాలి. "ఒగ్గండ్రోయ్!" అంటే ఇంజను పూర్తిగా వదిలేసి, ఇంకేమీ ఆలోచించకుండా ఒడ్డుకొచ్చి పడాలి. గుడ్డ ఊపితే తుంపరలో కనపడదు. మాటే వినపడాలి. తాటిదుంగకు కట్టిన మైకు కొమ్ములోకి పట్టీనుంచి తీగ లాగి, గొంతు లేకపోయినా కొర్లమ్మ ఆ కేక ఆపలేదు.

వేసవి వేటనిషేధానికి ముందు ఒక పొద్దున కొర్లమ్మ తమ్ముడు ఎర్రయ్య బోటు విరుపు అవతల ఆగి ఉంది. మంద దాటింది. కొర్లమ్మ "ఒగ్గండ్రోయ్" అంది. అంటూనే, వెనక నీటిలో తలెత్తుతున్న ఇంకో కెరటాన్ని చూసింది. వెంటనే "ఆగండ్రోయ్" అని నోరంతా తెరిచి అరిచింది.

కొమ్ములోంచి ఏమీ రాలేదు.

ఆమె నోరు మూసుకున్నాక, ఒక ఊపిరి తీసినంతసేపటికి, మూసిన నోటికి సంబంధం లేనట్టుగా, వార్తలు చదివే అమ్మాయి గొంతుతో కొమ్ము పలికింది. "దయచేసి ఇప్పుడు రండి."

ఎర్రయ్య వచ్చాడు. కెరటం బోటును పక్కకు తిప్పి ఇసకమీద బోర్లా వేసింది. మనిషి బతికాడు గాని కుడిచెయ్యి బోటు అంచుకింద నలిగింది. ఆ చెయ్యి ఇంక వల లాగదని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నానికి దానేశ్వరి బస్సు దిగింది. తల్లి దిబ్బమీదే కూర్చుని ఉంది. పట్టీ విప్పి దూరంగా ఇసకలో పారేసింది. దానేశ్వరి దాన్ని తుడిచి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, పొద్దున అది విన్నదేమిటో, పలికిందేమిటో చూసుకుంది. తర్వాత పట్టీని తనే తల్లి మెడకు కట్టింది.

"ఏటైనాదో సెప్పు" అనడానికి కొర్లమ్మ పెదాలు కదిలాయి. ఊపిరంతసేపు ఆగి పట్టీ, "ఏం జరిగిందో దయచేసి వివరించండి" అంది. కొర్లమ్మ దాన్ని చెంపమీద కొట్టినట్టు కొట్టింది.

"అమ్మా, ఈ పట్టీలో నీ మాట నేదే" అంది దానేశ్వరి. "మాటల మూట కంపెనీ దగ్గర ఉంటాది. దాన్ని లైబ్రరీ అంటాం. పట్టీ పొద్దున్నే లెగ్గానే కంపెనీవోళ్ళ సర్వరుకాడికెల్లి, ఆవేల ఏ మూట కొత్తదయితే అది తెచ్చుకుంటాది. మొన్నటిదాకా మూడో మూట ఉండేది. నువ్వు మెదిపినంత సేపూ అది వెంటనే పలికేది. నిన్న రాత్రి నాలుగోది పెట్టినారు. ఇది నువ్వు మొత్తం సెప్పేదాకా ఇంటాది. కడిగి తుడిచి అప్పుడు పలుకుతాది. నువ్వు రమ్మని, ఆగమని వెంటవెంటనే అన్నావు కదా. రెండోది నీ తడబాటనుకుని తీసీసినాది."

కొర్లమ్మ కెరటాలవైపు చూస్తూ విన్నది. తర్వాత ఆమె అడిగింది పట్టీ తన పద్ధతిలో చెప్పింది. "అంటే ప్రతి ఉదయం పొరుగింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకోవడం వంటిదా?"

"అదే" అంది కూతురు.

కొర్లమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో అగ్గిపెట్టె ఉండేది కాదు. కొబ్బరిచిప్ప పట్టుకుని పక్కింటికి వెళ్ళి రెండు కణికలు తెచ్చుకుంటేనే పొయ్యి. ఒక ముసురు రోజున వెళ్ళేసరికి చీకటి పడింది. "దీపాలు పెట్టీసినాం. దీపాలెట్టేక నిప్పివ్వకూడదు, పో" అని తలుపు వేశారు. ఆ రాత్రి ఇంట్లో అందరూ నానబెట్టిన అటుకులు నమిలి పడుకున్నారు. మర్నాటినుంచి వాళ్ళమ్మ పిడక నిప్పును బూడిద కప్పి దాచడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి ఆరలేదు. ఈ కథ దానేశ్వరి పుట్టినప్పటినుంచీ వింటున్నదే.

*

స్వరనాడిలో పై అధికారి పేరు చక్రపాణి. చెడ్డవాడు కాదు. మొదటి పట్టీ తన తండ్రికోసం చేసినవాడు. దానేశ్వరి చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"మీ మామయ్యగారి విషయం నిజంగా బాధాకరం దానేశ్వరీ. కానీ మైకుకు తగిలించి వాడమని మనం ఎవరికీ చెప్పలేదు కదా?"

"మాట్లాడమనే చెప్పాం సార్. ఆవిడ మాట్లాడింది."

"నాలుగో వెర్షన్ వచ్చాక వేలమంది థాంక్స్ చెబుతున్నారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళు. తడబడకుండా, యాస లేకుండా శుభ్రంగా వస్తోందంటున్నారు."

"శుభ్రం కావాలన్నవాళ్ళకి ఇవ్వండి సార్. మా అమ్మకి మూడోదే ఉంచండి. ఫలానా పట్టీకి ఫలానా వెర్షనే అని ఒక్క లైను రాస్తే చాలు. నేనే రాస్తాను."

చక్రపాణి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఇవాళ మీ అమ్మగారు. రేపు ఇంకొకరు రెండోది కావాలంటారు. ఎవరికి ఏ పాతది ఉందో, దానికి ఇంకే పాతది కావాలో చూసుకుంటూ కూర్చుంటే మనం కొత్తపని ఏం చేస్తాం? పాతవాటిలో లోపాలుంటాయి. అవి ఎవరి మెడలో పేలినా మన బాధ్యతే. అందుకే అందరికీ ఒకటే, ఎప్పుడూ తాజాదే. ఈ పద్ధతి రాసింది నీ టీమే కదా."

అది అబద్ధం కాదు. అతని మాటలో తర్కమూ ఉంది. దానేశ్వరి గది మూలనున్న సొరుగు తెరిచింది. పాత నమూనా పట్టీలు అందులో పడి ఉంటాయి. ఎప్పుడో పరీక్షించి ఆపేసినవి. మళ్ళీ వెలిగించలేదు గనక సర్వరు మొహం చూడలేదు. చూడలేదు గనక వాటి కడుపులో మూడో మూట అలాగే ఉంది. అందులో ఒకటి తీసి, దాచకుండా, చేతిలో పట్టుకుంది.

"ఇది తీసుకెళ్తున్నాను సార్."

"పెట్టెయ్ దానేశ్వరీ."

"మూడో లైబ్రరీని పట్టీలోనే అతికించేస్తాను. ఇంక అది పొద్దున్నే మన గుమ్మానికి రాదు."

"తెలిసే మాట్లాడుతున్నావా? అలా అతికిస్తే రేపు దాంట్లో ఏ లోపం బయటపడినా మేం దిద్దలేం. పాడైతే బాగుచెయ్యం. ఈ గుమ్మం దాటితే నువ్వూ మళ్ళీ లోపలికి రాలేవు."

"గుమ్మం మీది సార్. గొంతు మాది."

కింద కాపలావాడికి గుర్తింపు కార్డు ఇచ్చి, "ఈ పట్టీ కూడా రాసుకో అన్నా, పట్టుకెళ్తున్నానని" అంది. అతను రాసుకున్నాడు.

*

వేటనిషేధం రోజుల్లో గుల్లపేట ఒడ్డంతా వలలే. పాతవలలు ఆరేసి, చినిగినచోట్ల కుట్టుకుంటూ ఆడామగా ఇసకలోనే కాలక్షేపం చేస్తారు. అలాంటి ఒక మధ్యాహ్నం వాళ్ళింటి అరుగుమీద కూర్చుని దానేశ్వరి మూడో మూటను పట్టీ ప్రోగ్రాముతో కలిపి అతికించబోయింది. అతుకు పడలేదు. ఒక ముక్క దొరకడం లేదని మొరాయించింది. ఆ ముక్క పేరు 'అడ్డ'.

దానేశ్వరి నెత్తి పట్టుకుంది. ఆ పేరు తను పెట్టిందే.

ఆ తీరంలో పెద్ద ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ కాలుస్తారు. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. గాలికి ఆరదు, చేతులు రెండూ పనికి దొరుకుతాయి. కొర్లమ్మా పెళ్ళయిన నాటినుంచీ అలాగే కాల్చింది. గొంతు పోయింది అందువల్లే అన్నాడు డాక్టరు. నోట్లో నిప్పు పెట్టుకునే వలలు కుట్టడం, పిల్లల్ని తిట్టడం, బేరాలాడటం. దాంతో ఆమె నాలుక అందరి నాలుకలా మెదలదు. అడుక్కి అణిగి, మాటను బుగ్గల్లోంచి తోస్తుంది. కంపెనీ మొదట ఇచ్చిన పట్టీకి ఆమె ఏమంటోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు దానేశ్వరి పేటలో గొంతున్న అడ్డపొగ ఆడవాళ్ళ దవడలకు బిళ్ళలంటించింది. వాళ్ళు తమ పనుల్లో తాముండి కబుర్లాడుకుంటుంటే, ఏ మెదలికకు ఏ మాట వస్తోందో పోగుచేసి 'అడ్డ' అనే చిన్న లైబ్రరీ చేసింది. మూడో మూట దానిమీద ఆనుకునే కొర్లమ్మ మాట పోల్చుకునేది. నాలుగోది మాటంతా విని సందర్భాన్నిబట్టి పోల్చుకుంటుంది గనక దానికి 'అడ్డ' అక్కర్లేదు. అది వచ్చాక, వాడేది ఒక్క మనిషేనని కంపెనీ 'అడ్డ'ను సర్వరులోంచి తుడిచేసింది. నమూనా పట్టీ పట్నంవాళ్ళకోసం చేసింది కాబట్టి అందులోనూ లేదు.

"మళ్ళీ సేస్తే సరిపోదేటి?" అన్నాడు ఎర్రయ్య. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకి జేరబడి ఉన్నాడు.

పేటలో ముసలమ్మలను పిలిచారు. మైలపల్లి పోలమ్మ అందరికంటే ముందొచ్చి మంచి నీడచోటు చూసుకుని కూర్చుంది. కొర్లమ్మకు బాల్యస్నేహితురాలు. పేటలో ఏ ఇంట ఏ కూరో వాసనబట్టి చెప్పగలదు.

"చుట్టలు నోట్లో పెట్టుకోండి. ఎలిగించకండి" అంది దానేశ్వరి.

"ఎలిగించకుండానా?" అంది పోలమ్మ. "తాళి కట్టకుండా కాపరం సెయ్యమన్నట్టుందే నీ యవ్వారం."

"పిన్నీ, అమ్మ మెడ సూసినావు కదా. నా సేతుల్తో నాను మీ నోట్లో నిప్పెట్టను. ఉత్త చుట్ట సాలు."

వాళ్ళు ఉత్త చుట్టలు బుగ్గన పెట్టుకుని కబుర్లాడారు. దానేశ్వరి పోగుచేసింది, కూర్చింది, కొత్త 'అడ్డ'ను మూడో మూటతో అతికించింది. ఈసారి అతుకు పడింది. పట్టీ తల్లి మెడకు కట్టి, "ఏదైనా సెప్పమ్మా" అంది.

కొర్లమ్మ పెదాలు మెదిలాయి. మాట వెంటనే వచ్చింది గాని అది మాట కాదు. ఊళలాంటి ముద్ద. ఎర్రయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. కొర్లమ్మ తమ్ముణ్ణి ఏమో అంది. అదీ ముద్దగానే వచ్చింది. అన్నది తిట్టేనని మాత్రం తెలిసింది.

ముసలమ్మలు ఇళ్ళకెళ్ళాక దానేశ్వరి రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కరి మెదలికలను విడివిడిగా అతికించి చూసింది. ఒకరివి పెడితే ముద్ద. ఇంకొకరివి పెడితే ముద్ద. పోలమ్మవి పెట్టేసరికి పట్టీ గొంతు సవరించుకున్నట్టుగా గరగరమని, "ఎర్రిగా, నీ పళ్ళు రాలగొడతానొరే" అంది.

కొర్లమ్మ చేత్తో మెడ పట్టుకుంది. ఎర్రయ్య మొహం చాటేసుకున్నాడు. ఈసారి నవ్వు దాచుకోవడానికి కాదు.

దానేశ్వరి మెల్లగా పోలమ్మ ఇంటికి నడిచింది. పోలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. నోరు మూసే ఉంది. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

"పిన్నీ, ఆవేల నీది ఎలిగించిన చుట్టేనా?"

పోలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఎవులు సెప్పినారు?"

"నువ్వే సెప్పినావు. నీ నాలుకే సెప్పినాది."

"ఏటి సెయ్యమంతావు మరి? అందరికీ నీళ్ళు తెత్తానని లోనికెల్లి ఎలిగించీసినాను. నోట్లో ఉత్త ఆకు పెట్టుకుని మాటాడితే, సచ్చినోడి నోట్లో తులసాకు లాగ అనిపించినాది. ఇప్పుడేటి, కేసెడతావా?"

దానేశ్వరి అక్కడే నీళ్ళగాబు గట్టుమీద కూర్చుంది. నిప్పులేని చుట్టకు నాలుక అణగదు. కాలుతుందన్న భయం ఉంటేనే అడుక్కి జారుకుంటుంది. మొదటిసారి ఈ ఆడవాళ్ళంతా వాళ్ళ పొగలో వాళ్ళుండగా పోగుచేసింది కాబట్టి సరిపోయింది. ఈసారి తల్లి మెడ తలుచుకుని, జాగ్రత్తపడి, తనే తప్పు ముడి వేసింది. పోలమ్మ ఒక్కదాని మెదలికలు చాలవు. అందరూ వెలిగించాలి. తల్లి గొంతు తినేసిన నిప్పును మిగతావాళ్ళ నోట్లో పెట్టుకోమని తను అడగాలి.

మర్నాడు ముసలమ్మలు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. దానేశ్వరి బిళ్ళలంటించింది, తీగలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. కొర్లమ్మ కూతుర్ని చూసింది. పాతపట్టీ, నాలుగో మూటది, అందుకుని మెడకు కట్టుకుంది. వాళ్ళవైపు తిరిగి పెదాలు గట్టిగా ఆడించింది. అన్నదేమిటో పేటలో ప్రతివాళ్ళకూ ఆమె మొహం చూస్తేనే అర్థమైంది. చిన్నపిల్లల ముందు అనకూడనిది. ఊపిరంతసేపు ఆగి పట్టీ, "అమ్మలారా, దయచేసి చుట్టలు వెలిగించగలరు" అని మృదువుగా పలికింది.

ముసలమ్మలు ఇసకలో దొర్లి నవ్వారు. ఆ నవ్వులోనే అగ్గిపుల్లలు గీసుకున్నారు.

"లోకంలో డాక్టరమ్మలు మానమంతారు, మా ఇంజినీరమ్మ తాగమంతంది" అంది పోలమ్మ, నిప్పుకొస నోట్లోకి తిప్పుకుంటూ. "మరేటి బయం? నా గొంతూ పోతే నువ్వున్నావు కదే."

"నానున్నానని కాల్చకు పిన్నీ" అంది దానేశ్వరి. పోలమ్మ ఆమె కళ్ళలో నీళ్ళు చూసింది. ఆ చుట్ట అయ్యాక రెండోది అందుకోబోయి, ఎందుకో మళ్ళీ రొంటిన పెట్టుకుంది.

*

అతుకు పడ్డాక ఒక పని మిగిలింది. సర్వరువైపు వెళ్ళే దారి మూసెయ్యాలి. దానేశ్వరి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఇది మూసీసేక మళ్ళీ తెరవలేం. పట్టీకి ఏటన్నా అయితే కంపెనీ ముట్టుకోదు. మన పొయ్యిలో నిప్పు మనమే కాసుకోవాల. ఆరిపోతే పక్కింట్లో అడగడానికుండదు."

"ఇన్నాళ్ళు అడిగి ఏటి బావుకున్నాం?" అంది కొర్లమ్మ. గరగరమంటూ, ఆలస్యం లేకుండా, బుగ్గల్లోంచి వచ్చిన మాట. "మూసీయ్."

నిషేధం ముగిసింది. బోట్లు వేటకెళ్ళిన మొదటిరోజునే కులపెద్దలు ఒక మాట అనుకున్నారు. కొర్లమ్మ ఇంక కేక వెయ్యొద్దని, పడుచువాడెవడినన్నా దిబ్బమీద పెడదామని. ఆ మాట చెప్పడానికి వాళ్ళు దిబ్బకు వచ్చేసరికి కొర్లమ్మ అప్పటికే కొమ్ముకు తీగ తగిలిస్తోంది.

"నువ్వింక కేకెయ్యొద్దు కొర్లా" అన్నాడు ఒక పెద్దాయన. "ఒకపాలి సూసినాం. మళ్ళీ ఎవులి పేణం మీదికి తెత్తావు?"

"పడుచోణ్ణి ఎక్కించండి. ఆడు కెరటం ముకం ఎప్పుడైనా సూసినాడా అడగండి" అంది కొర్లమ్మ. "సూసినోడుంటే నానే దిగిపోతాను."

అవతల విరుపు దగ్గర బోట్లు వరసగా నిలబడ్డాయి. అందరికంటే ముందున్న బోటును చూసి పెద్దలు ఉలిక్కిపడ్డారు. చుక్కాని దగ్గర ఎర్రయ్య ఉన్నాడు. ఎడమచేత్తో పట్టుకుని. ఎవరికీ చెప్పకుండా తెల్లారకముందే ఎక్కేశాడట. అప్ప కొర్లమ్మ కేకెయ్యకపోతే తన బోటు ఒడ్డుకు రాదని తోటివాళ్ళతో పందెంలా చెప్పాడట.

మంద వచ్చింది. ఒకదాని వెనక ఒకటి విరిగి పడ్డాయి. దానేశ్వరి తల్లి పక్కన నిలబడింది. ఆ క్షణంలో ఆమెకు లైబ్రరీలు, వెర్షన్లు ఏవీ గుర్తులేవు. మామయ్య కుడిచెయ్యి ఒకటే గుర్తుంది.

మంద దాటింది. నీళ్ళు చదునయ్యాయి. కొర్లమ్మ నోరు తెరిచింది.

"ఒగ్గండ్రోయ్!"

కొమ్ము అదిరింది. ఎర్రయ్య ఇంజను వదిలాడు. బోటు ముక్కు ఎత్తుకుంది. అంతలో, అదే సముద్రం, అదే దొంగబుద్ధి, చదును నీటి వెనక ఇంకో కెరటం తలెత్తింది.

"ఆగండ్రోయ్!"

మొదటి కేక ఇంకా కొమ్ములో మోగుతూండగానే రెండోది దాన్ని తొక్కుకుంటూ వచ్చింది. కడగలేదు, తుడవలేదు, తడబాటని తీసెయ్యలేదు. ఎర్రయ్య ఒంటిచేత్తో చుక్కాని తిప్పేశాడు. బోటు తిరిగి నిలబడింది. కెరటం దాని కిందినుంచి జారి, ముందుకొచ్చి, ఖాళీ ఇసకమీద ఒక్కటే విరుచుకుపడింది.

కొర్లమ్మ కాసేపు నీళ్ళను చూసింది. "ఇప్పుడొగ్గు నాయనా" అంది, కొమ్ములోనే, ఇంట్లో అన్నంపెట్టి పిలిచినట్టు. ఎర్రయ్య వచ్చాడు. వెనక మిగతా బోట్లు ఒకటొకటిగా వచ్చాయి. ఒద్దన్న పెద్దాయన నీళ్ళలోకి దిగి తాడు అందుకున్నాడు.

*

ఆ వారంలోనే చక్రపాణి ఫోను చేశాడు.

"మీ అమ్మగారి పట్టీ మా సర్వరులో కనపడటం లేదు దానేశ్వరీ."

"కనపడదు సార్. దానికి మీ ఇంటికొచ్చే పని లేదిప్పుడు."

"అందులో ఉన్న లైబ్రరీ కంపెనీది. నోటీసు వస్తుంది. అర్థమవుతోందా?"

కొర్లమ్మ చెయ్యి చాచి ఫోను లాక్కుంది. "బావూ, నాను కొర్లమ్మని. ఆ మూటలో మాటలు ఎవులివి? మా పోలివి, నావి, మా పేటలో ముసిలోళ్ళవి. మా నోట్లో కాలి కాలి తయారైన మాటలు. ముందు మాకు మీరు నోటీసిచ్చి అట్టుకెల్లినారేటి? నేదు కదా. మరి మేం ఎందుకివ్వాల? రా, మా దిబ్బమీదికొచ్చి అడుగు. కెరటం వొచ్చినప్పుడు అడుగు."

"మీ గొంతు బాగుందమ్మా" అన్నాడు చక్రపాణి. ఫోను పెట్టేశాడు.

నోటీసు వచ్చింది. కొర్లమ్మ దాన్ని కొమ్ము మూతికి తడి తగలకుండా అడ్డం కట్టింది.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం, దీపాలు పెట్టేవేళకు, వాళ్ళ గుమ్మంముందు ఒక మనిషి నిలబడ్డాడు. తడిసిపోయి ఉన్నాడు. మెడకు నల్లపట్టీ. పెదాలు మెదిపి, మూసుకుని, ఊపిరంతసేపు ఆగాక పట్టీలోంచి వార్తల గొంతు వచ్చింది.

"నమస్కారం. నా పేరు సాయిలు. నేను సిద్దిపేట ప్రాంతం నుండి విచ్చేశాను. బస్సు కండక్టరుగా పనిచేస్తున్నాను. స్టాపు దాటిపోయిన తరువాత నా పట్టీ స్టాపు పేరు చెబుతున్నది. నా మనవరాలు నేను మాట్లాడితే భయపడుతున్నది, ఎవరో లోపల ఉన్నారని అంటున్నది. మీ చిరునామా కంపెనీలో ఒక పెద్దాయన ఇచ్చారు. తన పేరు చెప్పవద్దన్నారు."

తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకున్నారు.

"నీలాగ మాట్లాడేవాళ్ళని మీ ఊర్నుంచి తీసుకురావాలి అన్నా" అంది దానేశ్వరి. "వాళ్ళ నోళ్ళలోంచే నీ మాట అల్లాలి. ఒక్కరోజు పని కాదు. కంపెనీ ఒప్పుకోదు. తర్వాత పాడైతే మాకు మేమే దిక్కు, నీకూ మేమే దిక్కు."

సాయిలు తలూపాడు. పెదాలు మెదిపాడు. పట్టీ కడిగి తుడిచి, "దయచేసి నా గొంతు నాకు ఇప్పించండి" అంది. ఆ మనిషి మొహంలో ఉన్నది దయచేసి కాదు.

అప్పుడే గోడ అవతలనుంచి పోలమ్మ తల పెట్టి చూసింది. "ఓలె కొర్లా, దీపాలెట్టేసినారు కదా. ఈ పూట నిప్పివ్వకూడదంతారు. పొద్దున్న రమ్మను."

కొర్లమ్మ లేచింది. గుమ్మంలో ఉన్న పీట కాలితో లోపలికి జరిపి, తడిసిన మనిషిని చెయ్యిపట్టి లాగింది.

"ఆ మాట సెప్పినోళ్ళకి ఎప్పుడూ పొయ్యి ఆరినట్టు నేదు" అంది. "కూకో బావూ."